కట్ చెప్పని మాస్టారు

సినిమాలో పెద్దవాళ్ల ఏడుపు గ్లిజరిన్. పసిపిల్లల ఏడుపు మాత్రం నిజం. ఈ ముక్క చెప్పి నేను చాలామంది టిఫిన్ పాడుచేశాను.

మొన్న కృష్ణానగర్‌లో ఒక హోటల్లో కూర్చున్నాను. గోడ మీది టీవీలో ఏదో సీరియల్ వస్తోంది. చంటిపిల్ల ఒకటి గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి వేషం వేసినావిడ అంతకంటే గట్టిగా ఏడుస్తూ, బొట్టు చెరగకుండా జాగ్రత్త పడుతోంది. నా ఎదురుగా పెసరట్టు తింటున్న పెద్దమనిషి "ఎంత బాగా చేసిందండీ పాప!" అని మురిసిపోయాడు.

"అది చెయ్యడం కాదండీ. దానికి తొమ్మిది నెలలుంటాయి. వాళ్ల అసలమ్మ కెమెరా వెనక్కి వెళ్లిపోయింది. ఆ వయసు పిల్లకి, కనపడని అమ్మ ఎక్కడో ఉందని తెలుస్తుంది. తిరిగొస్తుందని మాత్రం తెలీదు. అందుకని ఏడుస్తోంది" అన్నాను.

ఆయన సగం పెసరట్టు వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ మాట నా సొంతం కాదు, మాస్టారిది. ఈ వానల్లోనే పోయారాయన.

ఫిల్మ్ నగర్‌లో రాయి విసిరితే ఒక మాస్టర్‌కి తగులుతుంది. డాన్సు నేర్పేవాడు మాస్టర్, గాల్లోకి ఎగిరి తన్నించేవాడు మాస్టర్, గుర్రాన్ని పట్టుకు నిలబడేవాడూ మాస్టరే. వీళ్లందరిలో నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన మాస్టారు ఈయనొక్కరే. కోస్తాలో ఒక బీఈడీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. పిల్లలు ఎలా పెరుగుతారు, ఎలా నేర్చుకుంటారు అన్నది ఆయన సబ్జెక్టు. అందరిలాగే ఒక కథ చంకలో పెట్టుకుని ఇక్కడికొచ్చారు. అందరి కథలాగే దాన్నీ ఎవరూ వినలేదు. ఒకరోజు ఏదో సెట్లో పాప ఏడవక యూనిట్టంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే ఈయన వెళ్లి ఏడిపించారు. ఆ పూట నుంచి ఏడుపు మాస్టారైపోయారు.

ఆయన గురించి నేను ఈ కొండ మీద చాలా కథలు ప్రచారంలో పెట్టాను. ఆయన కన్నార్పకుండా చూస్తే ఎండాకాలంలో కూడా నల్లాలో నీళ్లొచ్చేవని చెప్పాను. ఒక నిర్మాత గారి అల్సేషన్ కుక్క ఆయన్ని చూసి కంటతడి పెట్టిందనీ, అది చూసి నిర్మాత గారు బకాయిలన్నీ తీర్చేశారనీ చెప్పాను. మొదటి సగం అందరూ నమ్మారు. బకాయిలు తీర్చిన దగ్గర ఎవరూ నమ్మలేదు.

మాస్టారికి మనుషుల్ని వయసుతో కాక దశతో కొలిచే అలవాటు ఉండేది. ఒకసారి కథాచర్చలో ఒక హీరో గారు, ఎదుటి పాత్రకి ఉన్న నాలుగు మంచి డైలాగులూ తనకే కావాలని పట్టుబట్టారు. బయటికి వచ్చాక మాస్టారు చెప్పులేసుకుంటూ అన్నారు: "ఆయన్నేమీ అనకయ్యా. బల్ల మీద ఒక బొమ్మ కొండ పెట్టి, అవతలి వైపు కూర్చున్నవాడికి ఇది ఎలా కనపడుతుందిరా అని అడిగితే, మూడేళ్లవాడు తనకి కనపడేదే చెప్తాడు. అవతలివాడికి వేరేగా కనపడుతుందన్న ఊహ ఇంకా పుట్టలేదు వాడికి. ఈ జూబ్లీహిల్స్ అంతా కొండలే కదా. సగంమంది ఇంకా ఇవతలి వైపే కూర్చున్నారు."

పసిపిల్లల దగ్గర ఈ వెటకారం ఉండేది కాదు. పిల్లలున్న గదిలోంచి దొంగచాటుగా జారుకోవడం ఆయన దృష్టిలో మహాపాపం. ఎదురుగా నిలబడి, "వెళ్తున్నాను, మళ్లీ వస్తాను" అని చెప్పి, వాళ్లు చూస్తుండగా వెనక్కి నడుస్తూ వెళ్లేవారు. అలా వెళ్లి ఒకసారి లైటు స్టాండును గుద్దుకున్నారు కూడా.

ఆయన రాకముందు సెట్లో పిల్లల్ని ఎలా ఏడిపించేవారో చెప్తే మీకూ టిఫిన్ సహించదు. తొడ మీద గిల్లేవారు. ఆడుకునే బొమ్మని కళ్లముందే విరగ్గొట్టేవారు. కాస్త మాటలొచ్చిన పిల్లలైతే చెవిలో "మీ అమ్మ చచ్చిపోయిందిరా" అని చెప్పేవారు. మాస్టారు ఇవన్నీ మాన్పించారు. ఏ పిల్లనీ వేలితో తాకలేదు, ఒక్క అబద్ధం ఆడలేదు. ఆయన దగ్గర ఒక ఆకుపచ్చ దుప్పటి ఉండేది. దాన్ని తెరలా కట్టించి, ముందుగా పిల్లతో ఆడేవారు. అమ్మ తెర వెనక్కి వెళ్తుంది. డైరెక్టర్ "కట్" అంటాడు. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి ఎత్తుకుంటుంది. ఇదే ఆట, మళ్లీ మళ్లీ.

"ఏడుపు ఎలాగూ తప్పదు. కానీ అమ్మ వస్తుందన్న సంగతి పిల్లకి తెలియాలి. గంట కొట్టగానే అన్నం వస్తుందని కుక్క నేర్చుకోలేదూ? కట్ అనగానే అమ్మ వస్తుందని పిల్ల నేర్చుకుంటుంది. నేర్చుకున్నది మనసుకి ఊతం" అనేవారు. అందుకే కట్ చెప్పాక తల్లి ఒక్క క్షణం ఆలస్యం చేసినా ఊరుకునేవారు కాదు. టీ గ్లాసు పట్టుకుని నెమ్మదిగా వచ్చిన ఒక తల్లిని, "అమ్మా, ఆ టీ మీ పిల్ల నమ్మకం కంటే రుచిగా ఉందా?" అని అందరిముందూ అడిగేశారు.

కట్ చెప్పగానే అందరికంటే వేగంగా వచ్చే తల్లి స్వీటీ వాళ్లమ్మ.

రహమత్ నగర్ వాళ్లు. ఆవిడ జూనియర్ ఆర్టిస్టు. పెళ్లి సీన్లలో అక్షింతలు వేసే గుంపులో మూడో వరుస. మొగుడు వేరే కాపురం పెట్టుకుంటే, తల్లి ఇంట్లో ఉంటూ కూతుర్ని తీసుకుని షూటింగులకి తిరిగేది. స్వీటీకి అప్పుడు నాలుగేళ్లు. మాస్టారిని తాతా అనేది. మొదట్లో ఆయన కెమెరా పక్కన, కనపడీ కనపడకుండా కూర్చుంటే తప్ప చెయ్యలేకపోయేది. "ఒంటరిగా చేతకాని పని, పక్కన ఒక మనిషి ఉంటే చేతనవుతుంది. చదువంతా ఆ మధ్య జాగాలోనే ఉందయ్యా" అని ఆయన రోజుకి ఒక జానెడు వెనక్కి జరుగుతూ వచ్చారు. పోను పోను దుప్పటి కూడా అక్కర్లేకపోయింది. స్వీటీకి లెక్క దొరికిపోయింది. మంచిగా ఏడిస్తే కట్ అంటారు. కట్ అంటే అమ్మ వస్తుంది. ఎంత మంచిగా ఏడిస్తే అంత తొందరగా వస్తుంది. సరిగ్గా రాకపోతే డైరెక్టర్ ఒన్ మోర్ అంటాడు, అప్పుడు మళ్లీ ఏడవాలి. ఆ పిల్ల ఏడుపుకి పేరొచ్చింది. దాన్ని చూసి మాస్టారు గర్వపడ్డారు కూడా.

స్వీటీకి ఐదేళ్లు వస్తాయనగా వాళ్లమ్మ డెంగీ జ్వరంతో పోయింది.

కబురు తెలిసి నేనూ మాస్టారూ నా స్కూటర్ మీద వెళ్లాం. ఆటో కూడా పట్టని సందు. పైన టార్పాలిన్ కట్టారు. జూనియర్ ఆర్టిస్టులు కొందరు, ఒక కో-డైరెక్టర్ వచ్చారు. కో-డైరెక్టర్ మెత్తని మనిషి, ఆయనకీ ఇద్దరు ఆడపిల్లలు. స్వీటీని పక్కింట్లోంచి తీసుకొచ్చారు. అది తల్లిని చూసింది. చుట్టూ మూగిన జనాన్ని చూసింది. గోడవారగా నిలబడ్డ మాస్టారిని చూసింది. తర్వాత వెళ్లి తల్లి తల దగ్గర, ముఖం మా వైపు ఉండేలా కూర్చుని ఏడ్చింది.

సందు సందంతా కరిగిపోయింది. "అయ్యో, పసిదానికి గూడ తెలిసిపోయిందే" అని ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. మాస్టారి ముఖం మాత్రం పాలిపోయింది. అప్పటికి నాకేమీ అర్థం కాలేదు.

కాసేపటికి స్వీటీ ఏడుపు ఆపింది. గౌను అంచుతో ముక్కు తుడుచుకుని మాస్టారి వైపు తిరిగింది.

"తాతా, అయిపోయింది. కట్ చెప్పు."

మాస్టారు గోడకి ఇంకాస్త ఒదిగారు.

"కట్ చెప్పు తాతా. అమ్మ లేస్తది."

నేను జీవితంలో బోలెడు కల్పించాను. ఇది కల్పించలేదు. ఇలాంటిది పుట్టించే చేవ ఉంటే ఇంకా కామెడీ ట్రాకులు రాసుకుంటూ ఉండేవాణ్ణి కాదు. పిల్ల మూడోసారి అడిగేసరికి కో-డైరెక్టర్ తట్టుకోలేకపోయాడు. పాపం, మంచికే అన్నాడు: "కట్, స్వీటీ, కట్. సూపర్‌గా చేశావమ్మా."

స్వీటీ గభాలున తల్లి వైపు తిరిగింది. ఎదురుచూసింది. ఎప్పుడూ ఆలస్యం చెయ్యని మనిషి ఆలస్యం చేస్తోంది. పిల్ల ముఖంలో భయం లేదు, దిగులు లేదు. పని చెడగొట్టుకున్నవాళ్ల సిగ్గు కనపడింది.

"మంచిగ రాలేదా?" అంది. "ఒన్ మోర్ చేస్త."

మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది. ఈసారి ఇంకా బాగా.

తిరిగి వస్తుంటే చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర మాస్టారు వెనక నుంచి నా భుజం పట్టుకున్నారు. "ఆ వయసు పిల్లకి లోకమంతా తన వల్లే నడుస్తుందయ్యా. తను నడిస్తే చందమామ నడుస్తాడు. తను ఏడిస్తే అమ్మ వస్తుంది. అమ్మ రాలేదంటే?"

"సరిగ్గా ఏడవలేదనుకుంటుంది."

"అనుకుని ఊరుకోదు. అమ్మ తన చేతకానితనం వల్లే రాలేదని నమ్ముతుంది. ఆ నమ్మకం ఎముకలో దిగబడి, దానితోనే పెరుగుతుంది. నేను భరోసా ఇద్దామనుకున్నాను. ఆ భరోసాని తీసుకెళ్లి ఒక మాటకి కట్టేశాను."

ఆ తర్వాత ఆయన ఏ సెట్‌కీ వెళ్లలేదు. రోజూ సాయంత్రం ఫిల్మ్ నగర్ నుంచి రహమత్ నగర్ వెళ్లి ఆ ఇంట్లో కూర్చునేవారు. ఒక్కటే పని పెట్టుకున్నారు, అమ్మ రాకపోవడం తన తప్పు కాదని ఆ పిల్లకి తెలియాలి. చెప్తే తెలిసే సంగతి కాదని ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

స్వీటీ అద్దం ముందు నిలబడి ఏడుపు ప్రాక్టీసు చేసేది. ఒకటి కాకపోతే ఇంకొకటి, రకరకాలుగా. చెయ్యడం అయ్యాక తలుపు వైపు చూసేది. అమ్మమ్మ ఆ చూపు భరించలేక, "అమ్మ ఊరికి పోయింది బిడ్డా, వస్తది" అనేది.

"అలా చెప్పకండమ్మా" అన్నారు మాస్టారు ఒకరోజు నా ముందే. "చచ్చిపోయింది అనండి. ఊరికి పోయినవాళ్లు తిరిగొస్తారు. పిల్ల ఎదురుచూస్తుంది."

ముసలమ్మ బియ్యంలో రాళ్లు ఏరడం ఆపలేదు. "అది మీ స్వీటీకి అమ్మ సారూ. నాకు బిడ్డ. నేను కన్న బిడ్డ సచ్చిపోయిందని నా నోటితోని ఎట్ల అనాలె? మీరు సదువుకున్నోళ్లు, మీరే చెప్పుండ్రి."

ఆయనే చెప్పారు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అమ్మ చచ్చిపోయింది స్వీటీ. చచ్చిపోయినవాళ్ల ఒళ్లు ఇక పనిచెయ్యదు. వాళ్లు లేవరు, రారు. నువ్వేం చేసినా, చెయ్యకపోయినా రారు" అన్నారు. స్వీటీ బుద్ధిగా తలూపుతూ అంతా వింది.

"మరి ఎప్పుడొస్తది?" అని అడిగింది.

బజార్లో రంగులేసి అమ్మే కోడిపిల్ల ఒకటి కొనిచ్చారెవరో. అవి ఎన్నాళ్లు బతుకుతాయో మీకు తెలుసు కదా. గులాబీరంగు కోడిపిల్ల చచ్చిపోయింది. చావంటే ఏమిటో చూపించొచ్చని మాస్టారికి ఆశ పుట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టి పెరట్లో పూడ్చారు. పొద్దున్నే స్వీటీ వెళ్లి చూస్తే పిల్లి తవ్వేసి పట్టుకుపోయింది. "చూసినవా తాతా, లేసి పోయింది" అని ఆ పిల్ల సంబరపడింది. మాస్టారు ఆ రోజు నా గదికొచ్చి, ప్రపంచంలోని పిల్లులన్నిటినీ పేరుపేరునా తిట్టారు.

అప్పుడొచ్చాడు కో-డైరెక్టర్, ఒక సీరియల్‌కి స్వీటీని అడగడానికి. ఒక్క సీన్, తల్లి శవం పక్కన పాప ఏడవాలి. "దాని ఏడుపుకి సాటి లేదు మాస్టారూ, ఇంట్లో కూడా ఆసరా అవుతుంది" అన్నాడు. లోపల విన్న స్వీటీ అప్పటికే మంచి గౌను వేసుకుని, రెండు చెప్పులూ తారుమారుగా తొడుక్కుని వచ్చేసింది. ఇంట్లో ఏడిస్తే అమ్మ రాకపోవడానికి కారణం దానికి తోచింది. ఇంట్లో కెమెరా లేదు. అసలు షూటింగులో ఏడిస్తే వస్తుంది.

మాస్టారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఆ పిల్ల రాదు."

"నేను పోత!"

"పోవద్దు స్వీటీ."

"నువ్వే కట్ చెప్తలేవు! గా దినం గూడ నువ్వు చెప్పలేదు. నువ్వు చెప్తే వస్తది మా అమ్మ. నువ్వే రానిస్తలేవు!" అని ఆ పిల్ల ఆయన మోకాళ్ల మీద పిడికిళ్లతో గుద్దింది.

ఆయన కాదంటారనుకున్నాను. ఒక్క అబద్ధం ఆడని మనిషి కదా. ఆయన నేలమీద గొంతుక్కూర్చుని, పిల్ల ముఖంలోకి చూశారు.

"అవును. నేనే చెప్పడం లేదు. నువ్వు బాగానే ఏడ్చావు. చాలా బాగా. తాతే కట్ చెప్పలేదు."

స్వీటీ ఆయన ముఖం మీద ఉమ్మేసింది.

సందు చివర నా స్కూటర్ దగ్గరికొచ్చాక, నేను నోరు తెరవకముందే ఆయన చెయ్యెత్తారు. "తెలుసయ్యా, తెలుసు. కానీ తప్పు ఎవరో ఒకరి మీద పెట్టకుండా ఆ వయసు ఊరుకోదు. నా మీద పెట్టుకుంటే తన మీద పెట్టుకోదు కదా. ఏడేళ్లకి కాస్త అటూ ఇటూగా, చావంటే మళ్లీ లేవకపోవడమని పిల్లలకి దానంతటదే తెలుస్తుంది. అందాకా నేను మోస్తాను. ఆ రోజు మాత్రం పక్కన ఉండాలి. నీ తప్పు లేదే తల్లీ అని ఆ రోజు చెప్తే అర్థమవుతుంది."

"ఆ రోజు మీరు అబద్ధమాడారని కూడా తెలుస్తుంది."

"తెలియనీ."

స్వీటీ ఆ వారం నుంచే అద్దం ముందు ఏడవడం మానేసింది. దాని బదులు మాస్టారి మీద చెప్పులు విసిరేది. ఆయన వెళ్తే తలుపేసుకునేది. ఆయన బయట గట్టు మీద కూర్చుని, చీకటి పడబోతుంటే తలుపుకి చెప్పి వచ్చేసేవారు. వానాకాలం, చలికాలం, మళ్లీ వానాకాలం, మళ్లీ చలికాలం. ఎలా ఉంది పిల్ల అని అడిగితే, "బ్రహ్మాండంగా తిడుతోంది" అని సంతోషంగా చెప్పేవారు. రాను రాను తిట్లు పలచబడ్డాయి. తలుపు ఓరగా తెరుచుకోవడం మొదలైంది. ఏడు నడుస్తోందనీ, ఇక పిల్ల ఏ రోజైనా అమ్మ సంగతి అడగొచ్చనీ ఆయన పరీక్ష రాసే కుర్రాడిలా కంగారుపడేవారు.

అడగకముందే ఆయన గుండె ఆగిపోయింది. ఫిల్మ్ నగర్‌లో ఆయన అద్దెకున్న గది ముందు, వాన పడుతుండగా, ఫ్రీజర్ పెట్టెలో పెట్టాం. తమ్ముడి కొడుకు ఒంగోలు నుంచి రావాలి. సినిమావాళ్లు ఒకరొకరే వచ్చి వెళ్తున్నారు. మధ్యాహ్నం ముసలమ్మ స్వీటీని వెంటబెట్టుకుని వచ్చింది.

స్వీటీ పెట్టె దగ్గర నిలబడింది. అద్దానికి పట్టిన ఆవిరిని అరచేత్తో తుడిచి లోపలికి చూసింది. మళ్లీ ఆవిరి పట్టింది, మళ్లీ తుడిచింది.

"లేవడా?" అని నన్ను అడిగింది.

నేను ముసలమ్మ వైపు చూశాను. ముసలమ్మ అంది: "లేవడు బిడ్డా."

"నేను తిట్టిన గదా. చెప్పుతోని కొట్టిన. అందుకేనా?"

"కాదు. గుండె ఆగిపోయింది. ఎవ్వలు తిట్టినా, ఎవ్వలు మొక్కినా ఆగేది ఆగుతది."

పిల్ల అద్దాన్ని ఇంకోసారి తుడిచింది. తర్వాత అమ్మమ్మ ముఖంలోకి చూసింది. "అమ్మ గూడ గిట్లనేనా?"

ముసలమ్మ పెట్టె అంచు పట్టుకుంది. "అమ్మ గూడ గిట్లనే సచ్చిపోయింది బిడ్డా. నువ్వెంత మంచిగ ఏడ్సినా లేవకపోతుండె. ఎవ్వలు కట్ చెప్పినా లేవకపోతుండె. నీ తప్పేం లేదు. తాత తప్పు గూడ లేదు."

స్వీటీ ఏడ్చింది. ముఖం ఎటు తిరిగి ఉందో చూసుకోలేదు, ముక్కు తుడుచుకోలేదు. వికారంగా, ఎక్కిళ్లతో, ఊపిరాడకుండా ఏడ్చింది. ఏ డైరెక్టరూ ఓకే చెయ్యని ఏడుపు అది. ముసలమ్మ చీరకొంగులోకి తల దూర్చేసి, వాన తగ్గినా ఆపలేదు.

కో-డైరెక్టర్ కళ్లద్దాలు తుడుచుకుంటూ నా పక్కకి జరిగాడు. "చూశారా, మాస్టారంటే ఎంత ప్రాణమో ఆ పిల్లకి!" అన్నాడు.

నేను తలూపాను. ఆ ఏడుపు ఎవరి కోసమో అక్కడ తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ ఆ ముసలమ్మా. తెలియాల్సిన మూడో మనిషి అద్దం కింద పడుకుని ఉన్నాడు.